వెంటనే కడిగేయమన్న ఆవిడ

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే ఆ సీసాల కంపెనీ యజమాని మా షాపుకొచ్చి, ఫోన్లో ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన ఆవిడ ఫోటో చూపించి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలన్నాడు. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. పైన "మా సంస్థకు వెన్నెముక" అని పెద్దక్షరాల్లో ఉండాలట. కింద వాళ్ళ కంపెనీ సీసాలు వరసగా, మధ్యలో ఆవిడ. ఫోటోలో ఆవిడ చిరాగ్గా చూస్తోంది. "మొహం కొంచెం నవ్వుతున్నట్టు మార్చొచ్చాండీ? ఇప్పుడన్నీ వచ్చేశాయంటగా," అన్నాడు.

బతికుండగా ఆ మనిషిని గేటు లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పింది ఇతనే. పోయిందని తెలియగానే వెన్నెముక అయిపోయింది. సిగ్గు లేకపోతే సరి. నేను చెయ్యనన్నాను. పని ఒత్తిడేమో అనుకుని, "పోనీ సాయంత్రానికి ఇవ్వండి," అన్నాడు. "సాయంత్రానికీ చెయ్యను, రేపటికీ చెయ్యను, లేవండి," అన్నాను. మర్నాటికి ఇంకెక్కడో చేయించి షెడ్డు ముందు కట్టించాడు. అందులో ఆవిడ పళ్ళు కనిపించేలా నవ్వుతోంది. ఆ పళ్ళు ఆవిడవి కావు.

అప్పటినుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ పేరు మాత్రం రాయను. ఆ ఫ్లెక్సీ మీద ఉంది, చాలు.

మాది ఆటోనగర్ గేటు దగ్గర చిన్న డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, సీసాల మీద లేబుళ్ళు చేస్తాను. తెలుగులో నాలుగు మాటలు ఇంపుగా పేర్చగలనని చుట్టుపక్కల నాకో పేరుంది. ఆవిడ మొదటిసారి వచ్చింది ఒక లేబుల్ ప్రూఫ్ చూసుకోవడానికి. అరవై దాటిన మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి. ప్రూఫ్ ముట్టుకోకుండా సరాసరి మా వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి, అక్కడున్న చేతులు కడుక్కునే సీసా మూత తీసి, సంచిలోంచి అగ్గిపుల్లంత కాగితం ముక్క ఒకటి తీసి అందులో ముంచింది. కాగితం నీలంగా మారింది.

"ఏదమ్మా, చేతులు చూపించండి," అంది.

చూపించాను. వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. చలికాలం కదా అనుకుంటున్నాను నేను.

"చలికాలం కాదు, ఇదీ," అని ఆ సీసాని నా కళ్ళ ముందే బేసిన్‌లో వంపేసింది. నా షాపులో, నా సీసా. నాకు కోపమొచ్చి ఏదో అనబోయేలోపు ప్రూఫ్ తీసుకుని రెండు తప్పులు దిద్దేసి వెళ్ళిపోయింది. మర్నాడు మందు సీసా ఒకటి కడిగి, అందులో తను కలిపినదేదో పోసి తెచ్చిచ్చింది. నురగ సరిగ్గా రాదు, వాసన లేదు. పది రోజులకి నా వేళ్ళు మానిపోయాయి. అప్పటినుంచి ఆవిడ ఏమన్నా నోరు మూసుకుని వినేదాన్ని.

ఆడపిల్లల కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరైందట. భవానీపురంలో ఒక్కర్తే ఉండేది. లేత్ షాపుకీ లారీ స్ప్రింగులు బాగుచేసే షాపుకీ మధ్య ఒక రేకుల షెడ్డులో ఆ యజమాని మొహం కడుక్కునేవీ ఒళ్ళు రుద్దుకునేవీ తయారు చేయిస్తుంటే, అందులో కలపడం ఈవిడ పని. ఇంతకు మించి ఆవిడ జీవితం గురించి నాకు తెలియదు.

ఆవిడ ఎడమచేయి మాత్రం బాగా తెలుసు. మోచేతి లోపలివైపు ఎప్పుడూ బాల్‌పెన్నుతో గీసిన సున్నాలుండేవి, సున్నా పక్కన నంబరు. కొత్తగా కలిపిన ప్రతి డబ్బాలోంచీ ఒక చుక్క అక్కడ రాసుకుని, కడిగి, మళ్ళీ మర్నాడు చూసుకునేది. ఎర్రబడితే ఆ డబ్బా మొత్తం వెనక్కి. సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఏదో జబ్బనుకుని జరిగి కూర్చునేవారట. "మంచిదే, చోటు దొరుకుతుంది," అనేది.

వాళ్ళు వాడే ముఖ్యమైన సరుకు పేరు డెసిల్ గ్లూకోసైడ్. కొబ్బరి నూనె నుంచి కొంత, గ్లూకోజు నుంచి కొంత తీసి కలిపి చేస్తారట. సబ్బు కాదు, కానీ మురికి తీస్తుంది. చర్మం మీద నెమ్మది. ఆవిడ దాన్ని "ఈ అమ్మాయి" అనేది. "ఈ అమ్మాయి నెమ్మదస్తురాలే. కానీ డ్రమ్ములోంచి దిగేటప్పుడు సున్నపు నీళ్ళంత ఘాటుగా ఉంటుంది. నిమ్మ ఉప్పు కాస్త కాస్త వేస్తూ, కాగితం రంగు చూసుకుంటూ చల్లబరచాలి. ఆ ఓపిక లేనివాడు దీని జోలికి పోకూడదు," అనేది. ఇంకోటి కూడా చెప్పేది. ఎంత నెమ్మదస్తురాలైనా పనయ్యాక ఇంటికి పంపెయ్యాలట, ఒంటి మీద కూర్చోబెట్టుకోకూడదట.

ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ఇచ్చేలోపే వాళ్ళ బాత్రూములోకి దూరి సీసాల వెనక సన్నక్షరాలు చదివేది. ఎవరైనా "కెమికల్స్ లేనిది చెప్పండి మేడం," అంటే ఆవిడకి మండిపోయేది. "కెమికల్ కానిది ఎక్కడైనా దొరికితే నాకూ తెచ్చిపెట్టండి, నేనింతవరకూ చూళ్ళేదు. మీరు తాగుతున్న నీళ్ళేంటి మరి?" అనేది. మా పక్క షాపావిడ వాట్సాప్‌లో వచ్చిందని, పొడుగు పేర్లున్నవన్నీ విషమని చెప్పబోతే, "పేరు పొడుగైతే విషమా అమ్మా? మా అత్తగారి పేరు ఇంతకంటే పొడుగు," అంది. కంపెనీవాళ్ళు గొప్పలు చెప్పినా, జనం భయపడి చచ్చినా ఆవిడకి ఒకే రకంగా కోపం వచ్చేది. ఏది, ఎంత, ఎంతసేపు, ఎవరి ఒంటి మీద. ఈ నాలుగూ చెప్పకుండా మంచిదీ చెడ్డదీ అనే వాళ్ళతో మాట్లాడటం దండగ అనేది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఆ యజమాని పసిపిల్లల స్నానానికని ఒకటి మొదలుపెట్టాడు. ఊళ్ళల్లో అమ్మాలి, మంచి తెలుగు మాట ఒకటి కావాలన్నాడు. నేను రెండు రోజులు ఆలోచించి రాశాను: "సబ్బు కాదు. అమ్మమ్మ సున్నిపిండి, సీసాలో." అతను కుర్చీలోంచి లేచి నాకు దణ్ణం పెట్టాడు. ఆ మాట ఆటోల వెనకా, మందుల షాపుల అద్దాల మీదా, బందరు రోడ్డు పొడుగునా వెలిసింది. బస్సులో వెళుతూ చదువుకుని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంతకుముందు, అచ్చుకి వెళ్ళకముందే, ఆవిడ ప్రూఫ్ పట్టుకుని వచ్చింది.

"ఎవరు రాశారమ్మా ఈ మాట?"

"నేనే మేడం. బాగుందా?"

"బాగుంది. అందుకే భయం. సున్నిపిండి అంటే మనవాళ్ళేం చేస్తారు? పిల్లకి నూనె రాసి, పిండి పట్టించి, ఆరేదాకా ఉంచి, నలిచి రాలుస్తారు. దీన్ని కూడా అలాగే పట్టించి కూర్చుంటారు."

"నురగొస్తుందిగా మేడం, కడిగేసుకుంటారు."

"నీళ్ళు తగిలితే గదా నురగ. సున్నిపిండి ఎవరైనా నీళ్ళు పోస్తూ రాస్తారా?"

మాట మార్చమంది. యజమానికి నచ్చింది, నా చేతుల్లో లేదన్నాను. "పోనీ కింద ఒక్క లైను పెట్టండి. తడి ఒంటికి రాసి వెంటనే కడిగెయ్యాలి, ఆరనివ్వకూడదు అని. చోటుందిగా," అంది. చోటు ఉంది. నేను యజమానికి ఫోన్ చేశాను. "నెమ్మదైనదని మనమే చెప్పి, మళ్ళీ వెంటనే కడిగెయ్యమంటే జనం జడుసుకోరూ? ఆ చోట్లో ఆకో పువ్వో వెయ్యండి," అన్నాడు. నేను తులసాకు వేశాను. బాగా వేశాను కూడా.

ఆవిడ ఊరుకోలేదు. చిన్న చిన్న చీటీల మీద ఆ లైను తన చేత్తో రాసి, పెట్టెల్లోకి వెళ్ళే సీసాలకి జిగురుతో అంటించడం మొదలుపెట్టింది. మూడోరోజు యజమాని చూసి, పనివాళ్ళని కూర్చోబెట్టి తడిగుడ్డతో అన్నీ ఊడదీయించాడు. "మీ పని సీసా లోపలండీ. సీసా బయట నాది," అన్నాడట ఆవిడతో. ఆ మాట నాకు చెప్పి, "బయట చదివే కదమ్మా లోపలిది వాడతారు," అంది. నాకప్పుడు కూడా సిగ్గు రాలేదు.

రెండు నెలలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం బందరు అవతల సముద్రం ఒడ్డునుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, అత్తా కోడలూ. అత్త చేపలమ్ముకునే మనిషి. కోడలి చేతుల్లో ఎనిమిది నెలల పాప. లేబుల్ మీద చిరునామా పట్టుకుని షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు. ఆ టైముకి నేను లేబుళ్ళ చుట్టలు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. కోడలు గుడ్డ తొలగించింది. పాప మెడ మడతలూ చంకలూ తొడలూ ఎర్రగా పొట్టు లేచిపోయి ఉన్నాయి. గాలి తగిలితే ఏడుస్తోంది.

"సున్నిపిండని రాసుంది గదండీ," అంది అత్త. "నా ముగ్గురు కొడుకులికీ నేనే పోసానండి నీళ్ళు. నూనె రాసి, ఇది పట్టించి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని కాసేపు ఎండకి ఉంచాను. ఆరినాక నలిచాను. నాలుగు రోజులు అట్టాగే సేసా. సెడ్డపని సేసానాండీ?"

యజమాని ముందు సీసా తిప్పి చూశాడు, తర్వాత పాపని చూశాడు. "పాపకి ఎలర్జీ ఉండుంటుందమ్మా. మా సరుకుకి రిపోర్టులున్నాయి," అన్నాడు.

"రిపోర్టు నిజమే," అంది మా మేడం లోపల్నుంచి వస్తూ. "రాసి కడిగిన ఒంటికిచ్చారు ఆ రిపోర్టు. రాసి ఎండబెట్టిన ఒంటికి కాదు." నేల మీద కూర్చుని, పాప కాలు ఎత్తి మడతలు చూసి, అత్త వైపు తిరిగి, "మీరేం తప్పు చెయ్యలేదమ్మా. అక్కడ రాసినట్టే చేశారు," అంది. అప్పటికప్పుడు ఆటో పిలిచి చర్మం డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. సీసాలో ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో డాక్టరుకి నోటితో అప్పజెప్పిందట. కంపెనీ రహస్యం బయటపెట్టిందని యజమాని మర్నాడు ఆవిడని మానిపించాడు. గేటు దగ్గర ఆపమన్నది అప్పుడే. నేను మాత్రం లేబుళ్ళు ఇచ్చేసి షాపుకొచ్చి అన్నం తిన్నాను. నా మాటే అని ఆ అత్తాకోడళ్ళకి చెప్పలేదు. నోరు రాలేదంటే అబద్ధం. చెప్పాలనుకోలేదు.

పాప ఒళ్ళు మూడు వారాల్లో మామూలైపోయింది. ఆవిడ ఊరుకోక, చూసొద్దామని బస్సెక్కి ఆ ఊరెళ్ళింది. తిరిగొచ్చి మా షాపులో స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ లేంది, మంచినీళ్ళు అడిగింది.

"పాప బాగుందమ్మా. కోడలు మాత్రం అత్తగారిని పాప మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. నీళ్ళ బకెట్టు దగ్గరికి వస్తే చాలు, పిల్లనెత్తుకుని లోపలికి పోతోంది. ఆ ముసలావిడ అరుగు మీద కూర్చుని చూస్తోంది. కోడలికి నేను చెప్పి చూశాను. మీరు తయారు చేసినావిడేగా, సర్దిచెప్పడానికొచ్చారు అంది నన్ను. సీసా మీద రాసిన వాళ్ళొచ్చి చెబితే వింటానంది."

నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"వెళ్దామా?" అంది. "ఒక్కమాట చెబితే చాలు. ఆ మాట నేనే రాశాను, మీ అత్తగారు నేను రాసినట్టే చేసింది అని. పొద్దున వెళితే మధ్యాహ్నానికి వచ్చేస్తాం."

"మేడం, ఆ కంపెనీ పనంతా నాకే వస్తోంది. అక్కడ ఎవరైనా వీడియో తీసి పెడితే నా షాపు సంగతేంటి? కొంచెం ఆగి వెళ్దాం, వచ్చే వారం చూద్దాం," అన్నాను.

ఆవిడ సరేనని లేచింది. పై వారం వచ్చింది. ఆ తర్వాత నెలలో వచ్చింది. ఆవిడకి ఉద్యోగం లేదు, సంచిలో కాగితం ముక్కలు మాత్రం ఉన్నాయి. స్టూలు మీద కూర్చుని, నా చేతివేళ్ళు ఒకసారి చూసి, "వెళ్దామా?" అనేది. ఎండలన్నాను, వర్షాలన్నాను, పెళ్ళిళ్ళ సీజనన్నాను. అవన్నీ నిజాలే, అన్నీ సాకులే. లేబుల్ మీద ఆ మాట మాత్రం ఏడాది తర్వాత యజమానే తీసేయించాడు, ఇంకెక్కణ్ణుంచో రెండు మూడు గొడవలొచ్చాయని. అది తీసేశారు కదా మేడం, ఇంకెందుకు అన్నాను. "సీసా మీద తీసేశారమ్మా. ఆ ఇంట్లో ఉంది," అంది. అలా నాలుగేళ్ళు.

ఆవిడ మీద కూడా నాకు కోపమే. ఊరందరినీ తిట్టిందే. ఎవరింట్లో సీసా బాగాలేకపోయినా వంపేసిందే. నన్నెందుకు తిట్టలేదు? షాపు మధ్యలో నిలబెట్టి నలుగురి ముందూ నాలుగు దులిపి ఉంటే పౌరుషానికైనా వెళ్ళేదాన్ని. నెమ్మదిగా అడుగుతూ కూర్చుంది. నాకు నెమ్మదిగా చెబితే తలకెక్కదని ఆ మహాతల్లికి తెలియలేదు. ఈ మధ్య జ్వరమొచ్చి, నాలుగు రోజుల్లో పోయింది. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. ఆవిడ కోసం చెయ్యగలిగింది ఇంక ఫ్లెక్సీ కాదు.

ఫ్లెక్సీ చూసిన మర్నాడే షాపు మూసేసి బందరు బస్సెక్కాను. బందరులో దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్ళి, చేపలమ్మే అత్త ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. కోడలు గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. నేనెవరో చెప్పాను. ఆ సీసా మీద సున్నిపిండి అని రాసింది నేనేనని చెప్పాను. వెంటనే కడగమని రాయమంటే రాయకుండా ఆకు బొమ్మ వేశానని కూడా చెప్పాను. మీ అత్తగారు నేను రాసినట్టే చేసింది, ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఇంతకన్నా ఏం లేదు, ఇది చెప్పడానికి నాలుగేళ్ళు పట్టింది.

కోడలు నన్ను తిట్టలేదు. రొయ్యల గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, "అత్తా, ఇట్రా," అని పిలిచింది. ఇంటి పక్కన వలమీద చేపలు ఆరబోస్తున్న ఆ ముసలావిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈవిడంట ఆ మాట రాసింది. నీ తప్పేం లేదంట," అంది కోడలు.

ముసలావిడ నా వెనక చూసింది. "ఆ మేడం గారు రాలేదాండీ?"

"పోయారమ్మా," అన్నాను.

ముసలావిడ అరుగు మీద కూర్చుంది. కోడలు అత్త మొహం చూడకుండా అంది. "రేపట్నుంచి పాపకి నువ్వే పొయ్యి అత్తా, నీళ్ళు."

పెరట్లో బకెట్టు చప్పుడైంది. అయిదేళ్ళ పిల్ల, జుట్టు పైకి ముడేసుకుని, చెంబుతో నెత్తిన కుమ్మరించుకుంటోంది. ముసలావిడ అటు చూసింది.

"ఇంకేం పోస్తానే," అంది. "దాని నీళ్ళు అదే పోసుకుంటందిగా."